మాగాణి మినుముకు టానిక్: చేను పచ్చబడితే గింజ పెరిగినట్టేనా?

కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, చేలో పదును ఆరకముందే, నిలబడి ఉన్న వరిలోనే మినుములు వెదజల్లుతారు. కోత అయ్యాక వెళ్లి చూస్తే కొయ్యకాళ్ల మధ్య చిన్న చిన్న మొలకలు కనపడతాయి. దుక్కి లేదు, దుక్కిలో వేసిన ఎరువు లేదు, చాలాచోట్ల తడి పెట్టే వీలు కూడా లేదు. నేలలో మిగిలిన తేమ, వరికి వేసినదాంట్లో మిగిలిన సత్తువ, తెల్లవారుజామున కురిసే మంచు, ఇవే ఆ పైరుకు ఆధారం. ఎనభై రోజులు అటూ ఇటూగా పంట చేతికి రావాలి. ఫిబ్రవరి వచ్చేసరికి నేల నెర్రెలిస్తుంది, ఎండ ముదురుతుంది. కాయ నిండాల్సింది సరిగ్గా అప్పుడే.

ఇలాంటి చేనుకు తిండి పెట్టాలంటే రైతుకు మిగిలిన దారి ఆకు ఒక్కటే. తేమ లేని నేల మీద యూరియా చల్లితే కరగదు, కరిగినా వేరు దాకా పోదు. అందుకే వరి మాగాణుల్లో మినుము, పెసరకు పూత దశలో, పిందె దశలో ఆకుల మీద పోషకాలు పిచికారీ చేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఈ అవసరాన్ని ఆసరా చేసుకుని మందుల షాపుల్లో ఇంకో వరస కూడా పెరిగింది. సముద్రపు నాచు ద్రావణం, అమైనో ఆమ్లాలు, కుళ్లిన సేంద్రియ పదార్థం నుంచి వచ్చే హ్యూమిక్, ఫుల్విక్ ఆమ్లాలు, రకరకాల మొక్కల సారాలు. వీటన్నిటినీ కలిపి బయోస్టిమ్యులెంట్లు అంటున్నారు. ఊళ్లలో వాటి పేరు టానిక్, లేదంటే బయో మందు. ముప్పై అయిదో రోజున రైతు పురుగు మందు కోసం షాపుకు వెళితే, "పూత నిలవాలంటే దీంతోపాటు ఇది కూడా కొట్టు బాబాయ్" అని డీలరు ఒక సీసా బల్ల మీద పెడతాడు. అందులో ఏముంది, అది మినుముకు ఏం చేస్తుంది, ఏం చేయలేదు అన్నది అక్కడ ఎవరూ అడగరు. అడిగినా సీసా మీద జవాబు ఉండదు.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. ఎకరాకు ఆరు క్వింటాళ్ల మినుములు పండాయనుకుందాం. మినుముల్లో మాంసకృత్తులు దాదాపు 24 శాతం. ఆ లెక్కన ఆరు క్వింటాళ్ల గింజలోకి చేరే నత్రజని సుమారు 23 కిలోలు. ఇప్పుడు రెండు శాతం యూరియా పిచికారీ చేశామనుకుందాం. లీటరుకు 20 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల నీరు, అంటే నాలుగు కిలోల యూరియా. అందులో నత్రజని 1,840 గ్రాములు. గింజకు కావాల్సిన దాంట్లో ఇది ఎనిమిది శాతం. పెద్ద వాటా కాకపోయినా, కీలకమైన పది రోజుల్లో అందితే పనికొచ్చే సాయమే. ఇక అమైనో ఆమ్లాల టానిక్ సంగతి. అర లీటరు సీసాలో 20 శాతం అమైనో ఆమ్లాలు ఉంటే వాటి బరువు వంద గ్రాములు, అందులోని నత్రజని సుమారు 16 గ్రాములు. ఎకరం మొత్తానికీ 16 గ్రాములు.

కాబట్టి టానిక్‌ను పైరుకు తిండి అనుకుంటే పొరపాటు. అది పనిచేస్తే గిస్తే సంకేతంలా పనిచేయాలి. ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టడం వేరు, అన్నం ఒంటబట్టేలా చేయడం వేరు. మన కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరి 23న ఎరువుల నియంత్రణ ఉత్తర్వును సవరించి బయోస్టిమ్యులెంట్లను చట్టం కిందికి తెచ్చినప్పుడు ఇచ్చిన నిర్వచనం కూడా ఇదే చెబుతుంది. అందులో పోషకాలు ఎంత ఉన్నాయన్నదానితో నిమిత్తం లేదు. మొక్క లోపలి పనులను ఉత్తేజపరిచి, పోషకాలు తీసుకునే శక్తిని, ఒత్తిడిని తట్టుకునే శక్తిని పెంచడమే వాటి పని. పురుగు మందులు, 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కిందికి వచ్చే హార్మోన్ మందులు ఈ కోవలోకి రావు. యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన నిబంధన కూడా దాదాపు ఇదే దారిలో, పదార్థం పేరును బట్టి కాకుండా అది చేసే పనిని బట్టి నిర్వచించింది.

ఒత్తిడి అనే మాట దగ్గర కాస్త ఆగాలి. అపరాల పైర్లన్నిటికీ ఒక స్వభావం ఉంది. పూసిన పూలన్నీ కాయలు కావు. మినుము, పెసర, కంది, సోయా ఏది తీసుకున్నా సగానికి పైగా పూలు, పిందెలు రాలిపోవడం మామూలే. మొక్క తాను పోషించగలిగినన్ని కాయలనే ఉంచుకుని మిగతావాటిని వదిలేస్తుంది. ఇంకో చిక్కు వేర్లలో ఉంది. గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే వేరు బుడిపెలకు ఆకుల నుంచి చక్కెరలు అందాలి. కాయ పడ్డాక ఆ చక్కెరల కోసం కాయకూ బుడిపెకూ పోటీ మొదలవుతుంది. కాయే గెలుస్తుంది, బుడిపె నీరసిస్తుంది. గింజకు నత్రజని బాగా కావాల్సిన రోజుల్లోనే నత్రజని తయారీ తగ్గిపోతుంది. అప్పుడు మొక్క తన ఆకుల్లోని నత్రజనిని తీసి గింజకు పంపుతుంది, ఆకు పండుబారుతుంది. మాగాణి చేలో దీనికి బెట్ట, ఎండ తోడవుతాయి.

అంటే పూత రాలడం ఒక్క జబ్బు కాదు. ఆకులో తయారయ్యే తిండి చాలకపోవచ్చు, నీరు చాలకపోవచ్చు, రాత్రి వేడి ఎక్కువై పుప్పొడి చెడిపోవచ్చు, తామర పురుగులు పూలను గీకేస్తుండవచ్చు, మరుకా పురుగు పూలనూ పిందెలనూ గూడు కట్టి లోపల తినేస్తుండవచ్చు. టానిక్ సాయపడగలిగేది వీటిలో ఒకటి రెండు కారణాలకే. పురుగు తింటున్న పూతను ఏ నాచు ద్రావణమూ నిలబెట్టదు. పల్లాకు తెగులు వచ్చిన మొక్కకు ఎన్ని అమైనో ఆమ్లాలు కొట్టినా వైరస్ పోదు, తెల్లదోమ ఆగదు. ఈ తేడా చూడకుండా పూత రాలుతోంది అన్న ఒక్క మాట మీద సీసా కొనడంలోనే రైతు డబ్బు ఎక్కువగా పోతోంది.

మరి సీసాలో ఉన్నవి ఏం చేస్తాయి? సముద్రపు నాచుతో మొదలుపెడదాం, అపరాల మీద ఎక్కువ పరిశోధన జరిగింది దాని మీదే. ప్రపంచ మార్కెట్లో ఎక్కువగా వాడేది ఉత్తర అట్లాంటిక్ చలి తీరాల్లో రాళ్లకు పట్టి పెరిగే ఆస్కోఫిల్లమ్ అనే గోధుమరంగు నాచు. మన దేశంలో తమిళనాడు రామనాథపురం జిల్లా మండపం తీరంలో తెప్పలకు కట్టి కప్పాఫైకస్ అనే ఎర్ర నాచును పెంచుతారు. పచ్చి నాచును పిండి రసం తీసే పద్ధతిని భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. ఈ రసాల్లో సైటోకైనిన్ల వంటి హార్మోన్లు కొద్ది మోతాదులో ఉంటాయి. ఆకు త్వరగా పండిపోకుండా కాపాడేవి అవే. బీటైన్లు, మన్నిటాల్ వంటివి కణం లోపల నీటిని పట్టి ఉంచడానికి తోడ్పడతాయి. నాచు పిండిపదార్థాలను మొక్క ఒక హెచ్చరికలా గుర్తించి తన రక్షణ ఏర్పాట్లను ముందే సిద్ధం చేసుకుంటుంది. బెట్ట రాబోయే మాగాణి మినుముకు ఇవన్నీ అర్థమున్న లక్షణాలే.

ఆ భావ్‌నగర్ సంస్థ శాస్త్రవేత్తలు వర్షాధార సోయాచిక్కుడు మీద చేసిన ప్రయోగం 2009లో ప్రచురితమైంది. కప్పాఫైకస్ రసం 15 శాతం ద్రావణంగా కొట్టినచోట గింజ దిగుబడి 57 శాతం పెరిగింది. అమ్మకాల కరపత్రాలకు ఇంతకంటే మంచి అంకె దొరకదు. కానీ మోతాదు చూడండి. 15 శాతం అంటే లీటరు నీటికి 150 మిల్లీలీటర్లు. ఎకరాకు 200 లీటర్లు కొడితే 30 లీటర్ల రసం కావాలి. షాపులో ఇచ్చేది పావు లీటరో అర లీటరో. దాన్ని చిక్కబరిచిన ద్రావణం అనుకున్నా, ఎంత చిక్కబరిచారో లేబుల్ మీద లేకపోతే ఆ ప్రయోగంతో పోల్చడానికి ఏమీ లేదు. పైగా కప్పాఫైకస్ రసంలో పొటాష్ బాగా ఉంటుంది. 30 లీటర్లు కొట్టినప్పుడు వచ్చిన లాభంలో కొంత ఆ పొటాష్‌ది కూడా అయ్యుండాలి. పరిశోధన నిజమే, సీసా కూడా నిజమే కావచ్చు. ఒకదాని ఫలితాన్ని ఇంకోదానికి అంటించడం మాత్రం తప్పు.

అమైనో ఆమ్లాల కథ కొంచెం వేరు. మాంసకృత్తులను విడగొట్టి వీటిని తీస్తారు. ఎంజైములతో నెమ్మదిగా విడగొడితే చిన్న చిన్న పెప్టైడ్లు మిగులుతాయి, అవి మొక్కలో హార్మోన్ తరహాలో పనిచేస్తాయి. ఘాటైన ఆమ్లంలో ఉడికించి విడగొడితే ఆ పెప్టైడ్లు చాలావరకు నాశనమవుతాయి, కొన్ని అమైనో ఆమ్లాలు మొక్కకు పనికిరాని రూపంలోకి మారతాయి. రెండు సీసాల మీదా "అమైనో ఆమ్లాలు 20 శాతం" అనే ఉంటుంది. తయారీ విధానం రాసి ఉండదు. 2025లో కేంద్రం కోడి ఈకలు, పశువుల తోళ్ల వంటి జంతు పదార్థాల నుంచి తీసిన కొన్ని ఉత్పత్తులకు ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకుంది. కారణం మతపరమైన, ఆహారపరమైన అభ్యంతరాలు. ఆకు మీద కొట్టేది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకునే హక్కు రైతుకు ఉందన్న సంగతి అలా చర్చకు వచ్చింది.

హ్యూమిక్ ఆమ్లం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. దాని బలమంతా వేరు దగ్గరే. వేరు కొనల్లో కణాలు పోషకాలు లోపలికి లాగే పంపులను అది చురుకు చేస్తుంది, పిల్లవేర్లు పెంచుతుంది. కాబట్టి నేలకో విత్తనానికో ఇస్తే దానికి అర్థం ఉంది. మినుము ఆకు మీద కొట్టడం వల్ల అదే ఫలితం ఆశించడానికి ఆధారం తక్కువ. దుక్కి లేని మాగాణి చేలో నేలకు ఇచ్చే అవకాశం లేకపోవడం నిజమే. ఆ అవకాశం లేనంతమాత్రాన వేర్ల పని ఆకు చేయదు.

ఇంతకీ పొలాల్లో జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే ఏం తేలింది? 2022లో ప్రచురితమైన ఒక సమీక్ష 180 పరిశోధనల నుంచి వెయ్యికి పైగా పోలికలను కలిపి లెక్కించింది. బయోస్టిమ్యులెంట్ల వల్ల సగటున 17.9 శాతం దిగుబడి పెరిగినట్టు తేల్చింది. అందులోనే ఇంకో రెండు విషయాలున్నాయి. లాభం ఎక్కువగా కనిపించింది నేలకు ఇచ్చినప్పుడు. సేంద్రియ పదార్థం తక్కువున్న నేలలు, చౌడు నేలలు, ఇసుక నేలలు, పోషకాలు చాలని నేలల్లో ఫలితం మెరుగ్గా ఉంది. అంటే కష్టం ఉన్నచోట ఫలితం, అన్నీ బాగున్నచోట తక్కువ. ఈ సగటు అంకెను ఇంకో కారణంగా కూడా జాగ్రత్తగా చూడాలి. ఫలితం రాని ప్రయోగాలు పత్రికల దాకా రావడం తక్కువ.

దీనికి సోయా చరిత్రలోనే ఒక గట్టి ఉదాహరణ ఉంది. అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో గార్సియా, హాన్వే అనే శాస్త్రవేత్తలు సోయాలో గింజ నిండే దశ మీద దృష్టి పెట్టారు. బుడిపెలు నీరసించే ఆ రోజుల్లో నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం కలిపి ఆకుల మీద కొడితే ఎలా ఉంటుందని చూశారు. ఎకరాకు 7 నుంచి 8 బుషెళ్లు, అంటే మన లెక్కలో దాదాపు రెండు క్వింటాళ్లు ఎక్కువ వచ్చింది. 1976లో ఆ ఫలితం అచ్చయ్యాక దేశమంతా ఉత్సాహంతో ప్రయోగాలు మొదలయ్యాయి. చాలాచోట్ల ఏ లాభమూ కనపడలేదు. ఆకులు మాడి దిగుబడి తగ్గిన చోట్లు కూడా ఉన్నాయి. మళ్లీ 2019, 2020 సంవత్సరాల్లో 16 అమెరికన్ రాష్ట్రాల్లో మార్కెట్లో దొరికే ఆకు ఎరువులను సోయా మీద పరీక్షించారు. దిగుబడి పెరగడం అరుదేనని తేలింది. అక్కడి సారవంతమైన నేలల్లో, సరైన ఎరువులు అందిన పైరులో, ఆకు మీద కొట్టింది పెద్దగా కలిపిందేమీ లేదు.

ఈ రెండు రకాల ఫలితాలూ ఒకదానికొకటి విరుద్ధమని అనుకోనక్కర్లేదు. అయోవా నల్లటి సారవంతమైన నేలల్లో పోషకాలకు లోటు లేదు. మన మాగాణి చేలో లోటే అసలు సమస్య. కాబట్టి అక్కడ పనిచేయలేదని ఇక్కడా పనిచేయదని చెప్పలేం, భావ్‌నగర్ శాస్త్రవేత్తలకు 57 శాతం వచ్చిందని కృష్ణా జిల్లా ఘంటసాలలో వస్తుందనీ చెప్పలేం. పైరుకు ఉన్న లోటు ఏమిటో గుర్తించాక ఆ లోటుకు తగినది కొట్టడం ఒక్కటే నమ్మకమున్న దారి.

ఆ వరుసలో మొదటి స్థానం టానిక్‌ది కాదు. రెండు శాతం యూరియా, లేదంటే లీటరుకు పది గ్రాముల 13-0-45 లేదా 19-19-19 ఎరువు (ఈ అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు). ఇవి చవక, లోపల ఏముందో గ్రాముల్లో తెలుసు, అపరాల మీద ఏళ్లుగా వాడి చూసినవి. నత్రజని తక్కువైతే యూరియా, బెట్ట తగులుతుంటే పొటాష్ ఉన్న 13-0-45. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం పోషకాలనూ పెరుగుదల నియంత్రకాలనూ కలిపి అపరాల కోసమే పల్స్ వండర్ అనే మిశ్రమం తయారుచేసింది. ఎకరాకు రెండు కిలోలు 200 లీటర్ల నీటిలో కలిపి పూత దశలో కొట్టమంటారు. పూత రాలడం తగ్గి దిగుబడి 20 శాతం వరకు పెరుగుతుందని ఆ విశ్వవిద్యాలయం చెబుతోంది. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా, మధ్య భాగం పాలిపోయి ఉంటే అది ఇనుము లోపం. దానికి అన్నభేది లీటరుకు ఐదు గ్రాములు, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొడితే వారంలో ఆకు రంగు తిరుగుతుంది. అదే ఆకుకు రెండు టానిక్‌లు కొట్టి పది రోజులు ఎదురుచూసిన రైతు పది రోజులూ పోగొట్టుకున్నట్టే. ఎనభై రోజుల పైరులో పది రోజులంటే చాలా ఎక్కువ.

బీన్స్, రాజ్మా విషయంలో ఇంకో కోణం ఉంది. మదనపల్లె వైపు పండించే బీన్స్, చింతపల్లి, లంబసింగి ఏజెన్సీలో గిరిజన రైతులు పండించే రాజ్మా, రెండూ ఒకే జాతివి. మినుములా ఇవి బుడిపెల మీద ఆధారపడవు, వీటి వేర్లలో బుడిపెలు సరిగా కట్టవు. అందుకే వీటికి నత్రజని ఎరువు అపరాలన్నిటికంటే ఎక్కువ వేయాలి. ఆ ఎరువు తగ్గించి టానిక్‌తో సర్దుకోవాలని చూస్తే కుదరదు. బీన్స్‌లో ఎండ 30 డిగ్రీలు దాటాక పూత రాలడం పుప్పొడి దెబ్బతినడం వల్ల. అక్కడ విత్తే సమయం మార్చుకోవడానికి మించిన మందు లేదు.

ఇక అసలు పిచికారీ. మినుము ఆకును చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూస్తే రెండు వైపులా సన్నటి నూగు కనిపిస్తుంది. నీటి బొట్టు ఆ నూగు కొసల మీద ముత్యంలా నిలబడిపోతుంది, ఆకును తాకదు. ఆకు పైన మైనపు పొర కూడా ఉంటుంది. బొట్టు పరుచుకుని, ఆరకుండా కొంతసేపు తడిగా ఉంటేనే అందులోని పదార్థం లోపలికి ఇంకుతుంది. పొద్దెక్కాక పదకొండింటికి కొట్టిన బొట్టు నిమిషాల్లో ఆరిపోయి, ఉప్పు మరకలా ఆకు మీద మిగులుతుంది. సాయంత్రం నాలుగు దాటాక కొడితే చల్లదనానికి తడి నిలుస్తుంది, రాత్రి పట్టే కొద్దిపాటి తేమకు ఆ మరక మళ్లీ కరిగి ఇంకుతుంది. తెల్లవారి మంచు కారుతున్నప్పుడు కొడితే ద్రావణం పలచబడి కిందికి జారిపోతుంది. తడి పట్టేలా చేసే జిగురు మందు కొద్దిగా కలపడం, నాజిల్ మంచిది వాడటం, ఆకు అడుగు భాగం కూడా తడిసేలా కొట్టడం, వీటికి సీసాకు పెట్టినంత ఖర్చు కాదు. సీసా ఫలితం చాలావరకు వీటి మీదే ఆధారపడి ఉంది.

డ్రోన్లు వచ్చాక ఒక కొత్త గందరగోళం మొదలైంది. డ్రోన్ ఎకరాకు కొట్టే ద్రావణం సుమారు పది లీటర్లు. రెండు శాతం యూరియా కొట్టమన్న సలహాను అలాగే పాటిస్తే పది లీటర్లలో 200 గ్రాముల యూరియా పడుతుంది, అది పైరుకు ఏ మూలకూ రాదు. ఎకరాకు నాలుగు కిలోలు పడాలని పది లీటర్లలోనే కలిపితే 40 శాతం ద్రావణం అవుతుంది, ఆకు మాడిపోతుంది. పోషకాల పిచికారీకి నీరు కావాలి, డ్రోన్‌తో ఆ పని కుదరదు. ఎకరాకు కొద్ది మోతాదు సరిపోయే నాచు ద్రావణం లాంటివి మాత్రం డ్రోన్‌కు సరిపోతాయి. లీటరుకు ఎంత, ఎకరాకు ఎంత అన్న రెండు లెక్కలూ విడివిడిగా అడగాలి.

కూలీ ఖర్చు కలిసొస్తుందని ఒకే ట్యాంకులో పురుగు మందు, తెగులు మందు, టానిక్, యూరియా నాలుగూ కలపడం మామూలైపోయింది. కూలి దొరకడం ఎంత కష్టమో తెలిసిన వాళ్లెవరూ దీన్ని తేలిగ్గా తప్పుపట్టలేరు. అయినా కొన్ని కలవవు. అమైనో ఆమ్లాలు రాగిని పట్టుకుని ఆకు లోపలికి తీసుకుపోతాయి, అందుకే రాగి మందుతో కలిపితే లేత ఆకులు మాడతాయి. కాల్షియం ఉన్నదాన్ని భాస్వరం ఉన్నదానితో కలిపితే తెల్లటి మడ్డి దిగి నాజిల్ మూసుకుపోతుంది. గాజు సీసాలో అదే పాళ్లలో కలిపి అరగంట పక్కన పెడితే మడ్డి దిగుతుందో లేదో కంటికే తెలుస్తుంది. ఆ అరగంట ఓపిక ఎకరం చేనును కాపాడుతుంది.

చట్టం సంగతికి వస్తే, 2021 సవరణ మంచి పునాదే వేసింది. తయారీదారు తన ఉత్పత్తిని వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) సంస్థల పొలాల్లో పరీక్షించి ఫలితం చూపాలి, విషపరీక్షలు చేయించాలి. పురుగు మందు అవశేషం 0.01 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు) మించకూడదు. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ వంటి లోహాలకు పరిమితులు పెట్టారు. అయితే తాత్కాలిక ధ్రువపత్రం తీసుకుని అమ్ముకునే వెసులుబాటును గడువు మీద గడువు పొడిగిస్తూ 2025 జూన్ 16 దాకా నడిపారు. ఆ తర్వాత జులైలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ చెప్పిన అంకెలు గుండె బరువెక్కించేవి. దేశంలో ఒకప్పుడు 30 వేల దాకా ఇలాంటి ఉత్పత్తులు అదుపు లేకుండా అమ్ముడయ్యాయి, గత నాలుగేళ్లలో కూడా 8 వేల దాకా తిరిగాయి, తనిఖీలు గట్టి చేశాక 650 దాకా మిగిలాయి. అంటే ఇన్నేళ్లూ రైతు కొన్న సీసాల్లో అత్యధికం ఏ పరీక్షా దాటనివి. సబ్సిడీ యూరియా, డీఏపీ కావాలంటే నానో ఎరువో బయోస్టిమ్యులెంటో కూడా కొనాల్సిందేనని అంటగట్టడాన్ని ఆపమని ఆయన ముఖ్యమంత్రులకు లేఖ కూడా రాశారు. యూరియా కోసం క్యూలో నిలబడ్డ చిన్న రైతు చేతిలో అక్కర్లేని సీసా పెట్టడం అన్యాయం. దాన్ని ఏ మాటతోనూ సమర్థించలేం.

ఇంకో ప్రమాదం కంటికి కనపడనిది. కొట్టిన మూడో రోజుకే చేను కళ్లు చెదిరేలా మారితే, పురుగు కూడా చచ్చిపోతే, అది నాచు మహిమ అనుకోకూడదు. నాచు పని అంత వేగంగా ఉండదు. లేబుల్ మీద లేని హార్మోనో, పురుగు మందో అందులో ఉండే అవకాశం ఉంది. బిల్లు తీసుకోవడం, బ్యాచ్ నంబరు చూసుకోవడం, అనుమానం వస్తే మండల వ్యవసాయాధికారికి ఇవ్వడానికి సీసాలో కొంత మిగుల్చుకోవడం అందుకే అవసరం.

ఇంట్లో చేసుకునే ద్రావణాలను కూడా ఇదే కొలతతో చూడటం న్యాయం. పంచగవ్య, చేప బెల్లం ద్రావణం, ఏడు రకాల గింజలను మొలకెత్తించి చేసే సప్తధాన్యాంకుర కషాయం, కొబ్బరి నీళ్లు మజ్జిగ కలిపి పులియబెట్టినది, వీటన్నిటినీ ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యం చేసే రైతులు వాడుతున్నారు. కొబ్బరి నీళ్లలో సైటోకైనిన్లు ఉన్నాయి. 1941లోనే ఉమ్మెత్త విత్తనాల్లోని లేత పిండాలను ప్రయోగశాలలో పెంచడానికి శాస్త్రవేత్తలు కొబ్బరి నీళ్లు వాడారు. మొలకెత్తే గింజల్లోనూ పెరుగుదల పదార్థాలు పుష్కలంగా ఉంటాయి. కాబట్టి వీటి వెనక అర్థం లేదనడం తప్పు. ఒక్కో కుండలో ఒక్కో పులుపు, ఒక్కో చిక్కదనం వస్తుంది, అదే వీటి బలహీనత. ఖర్చు మాత్రం సీసా ధరలో చిన్న భాగం, లోపల ఏం వేశారో వేసినవాళ్లకు తెలుసు.

డబ్బు లెక్క వేస్తే ఒక ఆలోచించదగ్గ సంగతి బయటపడుతుంది. 2025-26లో మినుములకు మద్దతు ధర క్వింటాకు 7,800 రూపాయలు. టానిక్, కొట్టించిన కూలి కలిపి ఎకరాకు వెయ్యి రూపాయలనుకుంటే, ఆ ఖర్చు తిరిగి రావడానికి 13 కిలోల మినుములు అదనంగా పండితే చాలు. ఆరు క్వింటాళ్ల మీద అది రెండు శాతం. ఆ మాత్రం రాదా అనిపిస్తుంది, సీసా అమ్ముడుపోయేది కూడా ఆ ఆశ మీదే. కానీ రెండు శాతం తేడాను ఏ కన్నూ పట్టలేదు. ఒకే చేలో మెరకకూ పల్లానికీ, గట్టు పక్కకూ మధ్యకూ తేడా అంతకంటే ఎన్నో రెట్లు ఉంటుంది. పదిహేను శాతం పెరిగినా, పదిహేను శాతం తగ్గినా ఈ ఏడు వాతావరణం అలా ఉంది అనుకుంటాం. కంటికి కనిపించేది పచ్చదనం ఒక్కటే. అది మోసం చేస్తుంది. నత్రజని ఎక్కువై ఏపుగా పెరిగిన మినుములో ఆకు ఆకును కమ్ముకుంటుంది, గాలి ఆడదు, బూడిద తెగులు చేరుతుంది, మరుకాకు దాక్కునే చోటు దొరుకుతుంది. చేను చూస్తే కడుపు నిండుతుంది, కాటా మీద బస్తా నిండదు.

అందుకే తేల్చాల్సింది కాటాయే. పంట నష్టం, దిగుబడి అంచనాల కోసం అధికారులు చేసే పంట కోత ప్రయోగం పద్ధతి ఇక్కడ రైతుకు కూడా పనికొస్తుంది. టానిక్ కొట్టే రోజున చేలో మధ్యగా ఒక పట్టీ వదిలేయాలి. ఆ పట్టీకి పురుగు మందు, యూరియా అన్నీ మామూలే, టానిక్ మాత్రం ఉండదు. నాలుగు మూలలా కర్రలు పాతి గుర్తు పెట్టుకోవాలి, ఎనభై రోజుల తర్వాత ఏ పట్టీయో గుర్తుండదు. గట్టు పక్కన వదలకూడదు. కోత సమయంలో కొట్టిన వైపు మూడు చోట్ల, కొట్టని పట్టీలో మూడు చోట్ల ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు కొలిచి తాడు కట్టి, విడిగా కోసి, విడి పట్టాల మీద ఎండబెట్టి, నూర్చి తూచాలి. ఎకరాకు ఆరు క్వింటాళ్ల చేలో అలాంటి ఒక్కో గడిలో 3 కిలోల 700 గ్రాముల గింజ రావాలి. టానిక్ పది శాతం పెంచి ఉంటే తేడా 370 గ్రాములు, కిరాణా కొట్టు కాటా కూడా దాన్ని పట్టిస్తుంది. మూడు గడుల్లోనూ తేడా ఒకే వైపు చూపితే వచ్చే ఏడు మళ్లీ ఆ సీసా కొనొచ్చు. ఒక గడిలో పెరిగి ఇంకో గడిలో తగ్గితే, ఆ వెయ్యి రూపాయలను ముందు మంచి విత్తనానికీ, విత్తన శుద్ధికీ, పూత దశలో రెండు ట్యాంకులు ఎక్కువగా కొట్టే నీళ్లకూ పెట్టుకోవడం మేలు.